సీపాప్ రాసి ఇచ్చాక రోగిని ఒంటరిగా వదిలేయకండి

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆరోగ్య పేజీలో గురక గురించి, స్లీప్ ఆప్నియా గురించి ఈమధ్య తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసమార్గం మూసుకుపోవడం, 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగడం, రక్తంలో ఆక్సిజన్ పడిపోయి మెదడు మనిషిని ఉలిక్కిపడేలా లేపడం, ఇవి గంటకు 5 నుంచి 15 సార్లయితే స్వల్పమనీ, 30 వరకు మధ్యస్థమనీ, 30 దాటితే తీవ్రమనీ లెక్కగట్టడం, ఇవన్నీ వాటిలో చక్కగా వివరిస్తున్నారు. చివరికి వచ్చేసరికి మాత్రం దాదాపు ప్రతి వ్యాసమూ దీనికి సీపాప్ యంత్రం, అంటే నిద్రలో మాస్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపే యంత్రం, మంచి చికిత్స అన్న ఒక్క వాక్యంతో ఆగిపోతోంది. రోగికీ, ఇంట్లోవాళ్లకూ అసలు కష్టం ఆ వాక్యం తర్వాతే మొదలవుతుంది. ఆ కష్టం గురించి, అది తీరే దారుల గురించి, దాన్ని తీర్చవలసినవాళ్ల బాధ్యత గురించి రాయాలనిపించింది.

మాది చెన్నైలో పెరంబూరు. మా వారు రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యారు, నేను బడిలో తెలుగు చెప్పాను. ఆయనకు తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉందని తేలి, సీపాప్ పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి, బంధువుల్లోనూ ఆయన పాత సహోద్యోగుల్లోనూ ఎవరు కలిసినా ఈ ప్రస్తావన వస్తోంది. అలా మాట్లాడగా తెలిసిందేమంటే, యంత్రం కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు, వాడుతున్నవాళ్లు కొందరే. మిగతా ఇళ్లలో అది సంచీతో సహా బీరువా మీద ఉంది. ‘మా ఆయనకు పడలేదండీ’ అంటారు ఒకరు, ‘అమ్మ ఊపిరాడట్లేదని తీసేసింది’ అంటారు మరొకరు. వీళ్లంతా చికిత్స పనిచేయక మానలేదు. ఓపిక లేక మానేశారనడం అన్యాయం. మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే ఇబ్బందులకు, దాదాపు ప్రతిదానికీ ఏదో ఒక ఉపాయం ఉన్న ఇబ్బందులకు, అడిగి తెలుసుకుందామంటే మనిషి దొరక్క మానేశారు.

మా ఇంటికి యంత్రం వచ్చిన తీరు చెబితే ఇది అర్థమవుతుంది. అమ్మిన సంస్థ తరఫున వచ్చిన కుర్రాడు మా వారిని కుర్చీలో కూర్చోబెట్టి, మాస్కు తొడిగి, పట్టీలు బిగించి, యంత్రం ఆన్ చేసి, గాలి వస్తోందా అని అడిగాడు. వస్తోందన్నారు. బిల్లు మీద సంతకం తీసుకుని, ఇంగ్లీషులో ఉన్న పుస్తకం చేతికిచ్చి వెళ్లిపోయాడు. మర్యాదగానే మాట్లాడాడు, తప్పు అతనిది కాదు. అతనికి అప్పజెప్పిన పని అంతవరకే. ఆ తర్వాత ఎలా ఉందని అడుగుతూ ఫోను రాలేదు. మరుసటి నెల ఆసుపత్రికి వెళితే బరువు చూశారు, రక్తపోటు చూశారు, యంత్రం వాడుతున్నారా అని అడిగి, వాడుతున్నానంటే సరేనన్నారు. ఆయన ఎన్ని గంటలు పెట్టుకున్నారో, మాస్కు పక్కల నుంచి ఎంత గాలి పోయిందో, ఊపిరి ఇంకా ఎన్నిసార్లు ఆగుతోందో ఆ యంత్రం ప్రతి రాత్రీ నమోదు చేస్తూనే ఉంది. ఆ లెక్కలు తెరిచి చూసినవాళ్లు లేరు.

మొదట తీరవలసింది భయం. కోవిడ్ రెండో విడతలో ఆసుపత్రుల్లో మాస్కులతో ఉన్నవాళ్ల ఫోటోలు చూసిన కళ్లకు, మంచం పక్కన గొట్టం కనిపించగానే వెంటిలేటరో, ఆక్సిజనో అనిపిస్తుంది. చూడవచ్చినవాళ్లు గొంతు తగ్గించి ‘అంతదాకా వచ్చిందా?’ అని అడుగుతారు. సీపాప్‌లో ఆక్సిజన్ ఉండదు, రోగి బదులు అది ఊపిరి తీయదు. గదిలో గాలినే వడకట్టి, కొద్దిపాటి ఒత్తిడితో పంపి, గొంతులోని దారి మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది, అంతే. ఆ ఒత్తిడిని నీటి మట్టంతో కొలుస్తారు. సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. 10 సెంటీమీటర్లంటే మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో సుమారు నూరో వంతు. ఊపిరితిత్తులకు ఏమైనా అవుతుందేమోనని భయపడే పెద్దవాళ్లకు ఈ ఒక్క లెక్క చెబితే సగం బెంగ తీరుతుంది. ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1981లో అయిదుగురు రోగుల మీద ఈ పద్ధతి ఫలితాలను ప్రచురించారు. అంటే నాలుగు దశాబ్దాలకు పైగా లోకం వాడుతున్న చికిత్స ఇది, నిన్న మొన్న మార్కెట్లోకి వచ్చిన కొత్త వస్తువు కాదు.

కరెంటు పోతే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుందేమోనన్నది మరో భయం. ముక్కూ నోరూ కలిపి కప్పే మాస్కుల్లో, గాలి ఆగిపోగానే బయటి గాలికి దారి ఇచ్చే చిన్న కవాటం ఉంటుంది. ముక్కుకు మాత్రమే పెట్టే మాస్కయితే నోరు తెరిస్తే సరిపోతుంది. మాస్కు ముందు భాగంలో ఉండే సన్నని రంధ్రాల సంగతి కూడా చెప్పాలి. మనం వదిలిన గాలి బయటికి పోవడానికే అవి ఉన్నాయి, వాటిలో నుంచి సన్నగా చప్పుడు వస్తూ ఉంటుంది. మా బంధువుల్లో ఒకాయన దాన్ని లీకనుకుని ప్లాస్టరు అంటించబోతే వాళ్లమ్మాయి ఆపింది. వాటిని మూయకూడదని మొదటి రోజే నోటితో చెప్పవలసిన మాట, ఎంతమంది చెబుతున్నారు?

అలవాటు చేసుకునే పద్ధతి గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే. రాత్రి పడుకోబోయే ముందు మొదటిసారిగా మాస్కు తొడిగి, పూర్తి ఒత్తిడితో గాలి పెట్టి, ఇక నిద్రపో అంటే ఎవరికీ నిద్ర పట్టదు. పగలే మొదలుపెట్టాలి. గొట్టం తగిలించకుండా ఒట్టి మాస్కు పెట్టుకుని టీవీ ముందో, పేపరు చదువుతూనో కొంతసేపు కూర్చోవాలి. అది ఇబ్బందిగా లేదనిపించాక గాలి పెట్టుకుని అలాగే మెలకువగా కూర్చోవాలి. తర్వాత మధ్యాహ్నం కునుకుకు వాడాలి. ఆ పైన రాత్రి. మధ్యలో ఉక్కిరిబిక్కిరిగా అనిపిస్తే తీసేసి, మనసు కుదుటపడ్డాక మళ్లీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఈ దశలు ఒక్కొక్కరికి ఒక్కో వేగంతో సాగుతాయి. చాలా యంత్రాల్లో ర్యాంప్ అనే సదుపాయం ఉంటుంది. దానివల్ల గాలి మొదట మెల్లగా వచ్చి, నిద్రపట్టే వేళకు అసలు ఒత్తిడికి చేరుతుంది. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కొంచెం తగ్గించే ఏర్పాటు కూడా కొన్నిటిలో ఉంది. మా యంత్రంలో ఆ రెండూ ఉన్నాయని మాకు తెలిసింది అమ్మినవాళ్ల ద్వారా కాదు, మా మరిదిగారబ్బాయి ఒక ఆదివారం వచ్చి ఆ పుస్తకం మొదటి పుట నుంచి చదివి చెప్పడం వల్ల. ఇంట్లో ఇంగ్లీషు చదివి చెప్పే పిల్లలు లేని పెద్దవాళ్ల గతి ఏమిటి?

మాస్కు కుదరడమే ఇందులో ముప్పావు వంతు పని. కుర్చీలో కూర్చోబెట్టి బిగించిన పట్టీలు పడుకునేసరికి సరిపడవు, ఎందుకంటే పడుకున్నప్పుడు బుగ్గల కండ ఒరిగి ముఖం తీరే మారుతుంది. అందువల్ల గాలి వస్తుండగా, రోజూ పడుకునే దిండు మీదే, పక్కకు తిరిగి కూడా చూసుకుని సర్దుకోవాలి. లీకవుతోందని పట్టీలు ఇంకా ఇంకా బిగించడం అందరూ చేసే పనే, దానివల్ల ముక్కు దూలం మీద పుండు పడుతుంది గానీ లీకు ఆగదు. ఒకసారి మాస్కును ముఖం మీద నుంచి కొంచెం ముందుకు లాగి, గాలితో దాని మెత్త ఉబ్బాక తిరిగి ఆనించి వదిలితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. మన ఇళ్లలో రాత్రి తలకు కొబ్బరినూనె రాసుకుని పడుకోవడం అలవాటు, ముఖానికి క్రీము రాసుకునేవాళ్లూ ఉంటారు. ఆ జిడ్డుకు సిలికాన్ మెత్త జారిపోతుంది. ముఖం సబ్బుతో కడుక్కుని, మెత్తను రోజూ పొద్దున తుడిచి పెడితే తేడా ఆ రాత్రే తెలుస్తుంది. గుబురు మీసాలున్నవాళ్లకు ముక్కు మీది మాస్కు కింది అంచు ఆనదు, వాళ్లకు ముక్కు రంధ్రాల దగ్గర ఆనే నేసల్ పిల్లో రకం నప్పవచ్చు. ఆడవాళ్లకు ముక్కుపుడక ఒత్తుకుంటుంది. ఇన్ని రకాల ముఖాలుంటే, యంత్రంతో పాటు ఒకే ఒక మాస్కు ఇచ్చి, తెరిచాక తిరిగి తీసుకోబోమని చెప్పడం ఏం న్యాయం? చెప్పులు కొనేటప్పుడు కూడా తొడిగి, నాలుగడుగులు వేసి చూడనిస్తారు కదా.

చెన్నైలో ఉన్నవాళ్లకు గాలిలో తేమకు కొదవ లేదు కాబట్టి యంత్రానికి ఉన్న నీళ్ల పెట్టె, అంటే హ్యూమిడిఫయర్, అవసరం లేదనుకుంటారు. ఏసీ వేసి తలుపులు మూస్తే గదిలో గాలి పొడిబారుతుంది, తెల్లారేసరికి ముక్కు మండుతుంది, గొంతు ఎండుతుంది. సరే అని తేమ ఎక్కువ పెడితే, గొట్టంలోని వెచ్చని తడిగాలి ఏసీ చల్లదనానికి నీరుగా మారి, అర్ధరాత్రి గుడగుడమంటూ ముఖం మీద చుక్కలు పడతాయి. అప్పుడు తేమ ఒక మెట్టు తగ్గించడమో, ఏసీ కొంచెం తగ్గించడమో, గొట్టాన్ని దుప్పటి కింద నుంచి తీసుకోవడమో చేయాలి; గొట్టాన్నే వెచ్చగా ఉంచే ఏర్పాటు కూడా దొరుకుతుంది. ఆ పెట్టెలో పోయవలసింది డిస్టిల్డ్ వాటర్. ఈ ఊళ్లో బోరు నీళ్ల ఉప్పదనం తెలియనిది కాదు, అవి పోస్తే అడుగున తెల్లని పొర కడుతుంది. తాగే క్యాన్ నీళ్లలో కూడా కొంత ఖనిజాలు ఉంటాయి. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే నీళ్లు పోస్తున్నవాళ్లనూ చూశాను, మనం పీల్చే గాలికి వాడవలసినవి అవి కావు. రోజూ మిగిలిన నీళ్లు పారబోసి, పెట్టె కడిగి ఆరబెట్టాలి.

నోరు తెరిచి పడుకునే అలవాటున్నవాళ్లకు గాలి నోట్లో నుంచి పోయి నాలుక పిడచకట్టుకుపోతుంది. ముక్కు దిబ్బడ ఉందేమో ముందు చూడాలి, ఎందుకంటే చాలాసార్లు ముక్కు మూసుకుపోవడం వల్లే నోరు తెరుచుకుంటుంది. ముక్కు శుభ్రంగా ఉన్నా అలాగే ఉంటే మాస్కు రకం మార్చుకోవాలి. కొందరికి గాలి కడుపులోకి పోయి పొద్దున్నే ఉబ్బరంగా, తేన్పులతో లేస్తారు. అది వైద్యులకు చెప్పి ఒత్తిడి సరిచేయించుకోవలసిన విషయం, సొంతంగా యంత్రంలో అంకెలు మార్చుకునేది కాదు. నిద్రలో తెలియకుండానే మాస్కు లాగి పక్కన పడేసేవాళ్లు చాలామంది. మెలకువ రాగానే మళ్లీ పెట్టుకుంటే చాలు, ఆ రాత్రి వృథా అయిందని దిగులు పడనక్కర్లేదు.

ఎన్ని గంటలు పెట్టుకోవాలన్న ప్రశ్న దగ్గర అమ్మేవాళ్ల మాటలకూ వాస్తవానికీ మధ్య ఎడం ఉంది. రాత్రికి 4 గంటల చొప్పున, నెలలో 70 శాతం రాత్రులు వాడితే వాడినట్టే అని అమెరికాలో బీమా కోసం పెట్టుకున్న కొలమానాన్ని ఇక్కడ కూడా లక్ష్యంలాగా చెబుతున్నారు. అది కనీసపు హద్దు మాత్రమే, నిద్రపోయినంతసేపూ ఉండాలన్నదే అసలు ఉద్దేశం. తెల్లవారుజామున కలలు వచ్చే నిద్రలో శ్వాస ఆగడం చాలామందిలో ఎక్కువవుతుంది, సరిగ్గా ఆ వేళకే మాస్కు తీసేస్తే మిగిలిన జబ్బుకు చికిత్స జరగనట్టే. అలాగే సీపాప్ పెట్టుకుంటే గుండెపోటు రాదని చెప్పి అమ్మడం సరికాదు. 2016లో ప్రచురితమైన సేవ్ అనే పెద్ద పరిశోధనలో, మన దేశంతో సహా ఏడు దేశాల్లో, అప్పటికే గుండె జబ్బో మెదడు రక్తనాళాల జబ్బో ఉన్న 2700 మందికి పైగా రోగులను కొన్నేళ్లు పరిశీలించారు. సీపాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు అందులో తేలలేదు. పగటి మత్తు, గురక తగ్గి బతుకు మెరుగైనట్టు మాత్రం తేలింది. వాళ్లు సగటున వాడింది రాత్రికి 3.3 గంటలే కావడం అందులో గమనించవలసిన సంగతి. రోగికి ఉన్నది ఉన్నట్టు చెబితేనే నమ్మకం నిలుస్తుంది. పగలు కూర్చున్నచోట కునుకు రాకపోవడం, పొద్దున తలనొప్పి లేకుండా లేవడం, రాత్రి మూత్రానికి లేచే సార్లు తగ్గడం, బండి నడిపేటప్పుడు కళ్లు మూతలు పడకపోవడం, ఇవి తక్కువ లాభాలా? వీటి కోసమే ఈ శ్రమంతా పడవచ్చు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. భర్త గురకకు విసిగిపోయిన భార్య, యంత్రం వచ్చాక పెట్టుకోలేదేమని రోజూ సాధించడం వల్ల ఉపయోగం లేదు. పట్టీ వెనక వైపు మెలిపడిందేమో చూసి సరిచేయడం, గొట్టం మంచం కింద నలగకుండా సర్దడం, పొద్దున ఎలా ఉందని అడిగి చెప్పింది ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించడం వంటివి ఎంతో మేలు చేస్తాయి. మా వారి కాగితంలో ‘ఎడమ పక్కకు తిరిగితే కంట్లోకి గాలి’ అని రాసి ఉండటం చూసిన తర్వాతే మరో ఆసుపత్రిలోని వైద్యురాలు మాస్కు సైజు మార్చమన్నారు. ఇంకో సంగతి, ఇది మగవాళ్ల జబ్బని మన ఇళ్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్లలోనూ ఇది పెరుగుతుంది, కాకపోతే వాళ్లు గురక కన్నా నిద్రపట్టకపోవడం, నీరసం, తలనొప్పి గురించి చెబుతారు కాబట్టి పరీక్ష దాకా రారు. వచ్చి యంత్రం కొన్నా, ముఖానికి అది పెట్టుకుని అందరి ముందూ పడుకోవడానికి మొహమాటపడి మానేస్తారు. కోడలి ముందు, అల్లుడి ముందు మాస్కు పెట్టుకోవడానికి సిగ్గుపడే అత్తగార్లకు ఇంట్లో పిల్లలే ధైర్యం చెప్పాలి.

ప్రయాణాల సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఇక్కడి తెలుగువాళ్లకు పెళ్లిళ్లకు, పబ్బాలకు హైదరాబాదో విశాఖపట్నమో వెళ్లడమంటే రాత్రి రైలే. అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు బోగీల్లో ఛార్జింగు పాయింట్లకు కరెంటు ఆపాలని రైల్వేలు 2021లో నిర్ణయించాయి. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. సీపాప్ రోగులు మాత్రం ఖరీదైన ప్రత్యేక బ్యాటరీ కొనుక్కోవాలి, లేదంటే చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా చికిత్స లేకుండా, పక్క బెర్తులవాళ్ల విసుగు భరిస్తూ వెళ్లాలి. వైద్యుల పత్రం చూపినవారికి ఏసీ బోగీలోనైనా ఒక పాయింటు రాత్రంతా పనిచేసేలా ఉంచడం దక్షిణ రైల్వేకు పెద్ద భారం కాదు. తేమ పెట్టె వేడిని ఆపేస్తే ఈ యంత్రాలు తీసుకునే కరెంటు చాలా తక్కువ. అదే కారణంగా ఇంట్లో ఇన్వర్టరు మీద కూడా బాగా నడుస్తాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు ఊళ్లో చాలాచోట్ల కరెంటు లేని రోజులు గుర్తున్నవాళ్లు వానాకాలానికి ముందే ఆ ఏర్పాటు చూసుకోవడం మంచిది. ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరేవాళ్లు మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ జబ్బు గురించి తప్పక చెప్పి, సొంత యంత్రాన్ని వెంట తీసుకువెళ్లాలి.

ఇంట్లో వాడుకునే సీపాప్‌కు చాలా బీమా పాలసీలు డబ్బు ఇవ్వవు. పింఛను మీద బతికేవాళ్లు దాచుకున్న సొమ్ముతో కొంటున్నారు. అంత డబ్బు తీసుకుంటున్నప్పుడు, మొదటి వారంలోనే ఒకసారి ఫోను చేసి లేదా ఇంటికి వచ్చి మాస్కు చూడటం, నప్పకపోతే నెలలోపు మరో రకం మార్చి ఇవ్వడం అమ్మకంలో భాగం కావాలి. రోగి మొదటి వారంలో ఎలా వాడాడన్నదాన్ని బట్టే తర్వాత నెలల్లో వాడకం ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి, కాబట్టి నెల తర్వాత రమ్మనడం ఆలస్యమే అవుతుంది. నిద్ర పరీక్షలు చేసే ఆసుపత్రులు యంత్రంలోని లెక్కలు తెరిచి చూసి రోగితో మాట్లాడటానికి ఒక నర్సునో టెక్నీషియన్నో కేటాయించాలి. ఇది రోగి దగ్గర డాక్టరు కూర్చుని చేయవలసిన పని కూడా కాదు, శిక్షణ పొందిన మనిషి ఒక్కరుంటే చాలు. చెన్నైలో అమ్మే యంత్రాలతో తమిళంలో, తెలుగులో బొమ్మలతో కూడిన నాలుగు పుటల కరపత్రమైనా ఇవ్వాలి.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఆరోగ్య పేజీలో వైద్యులు పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే చోట, నెలకొకసారైనా సీపాప్ వాడుతున్నవాళ్ల ప్రశ్నలకు చోటివ్వండి. మాస్కు లీకు గురించి, ఉబ్బరం గురించి, మొహమాటం గురించి అడగాలని ఉండి అడగలేకపోతున్నవాళ్లు మా పెరంబూరు చుట్టుపక్కలే చాలామంది ఉన్నారు. వాళ్ల ప్రశ్నలు పోగుచేసి పంపే పని నేను చేస్తాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై